ఒంటిరెక్క ఆకు

గంజాయి ఆకుకు రెక్కలెన్ని ఉండాలన్న ప్రశ్నను తేల్చుకోకుండా ఏ నాగరికతా తాను పరిపూర్ణమైనదని చెప్పుకోజాలదు. సామ్రాజ్యాలు లేచాయి, కూలాయి; సముద్రాన్ని వెనక్కి నెట్టి దాని అడుగున క్యాబేజీ పండించిన జాతి సైతం భూమ్మీద పుట్టింది; అయినా ఆ ఆకుకు ఐదు రెక్కలని ఒకరు, ఏడని ఒకరు, తొమ్మిదని ఒకరు వాదులాడుకోవడమే తప్ప, "అసలు ఒక్కటే ఉంటే ఏం?" అని అడిగిన మహానుభావుడు లేకపోయాడు. ఆ కొరత తీర్చడానికే కాబోలు, హాలెండు ఉత్తరాన ఎంక్‌హైజెన్ పట్టణం చేరువలో, తన పెరటి గాజుశాలలో హుబెర్ట్ వాల్రావెన్ అవతరించాడు.

ఉద్యోగరీత్యా ఆయన క్యాబేజీ మనిషి. ఒక విత్తనాల కంపెనీలో జీవితకాలమంతా క్యాబేజీలను మరింత గుండ్రంగా, మరింత బిగువుగా తీర్చిదిద్ది పదవీవిరమణ చేశాడు. క్యాబేజీ ఆయనకు అన్నం పెట్టింది కాని కీర్తి పెట్టలేదు. కీర్తి కోసం ఇంటి దగ్గర ఐదు గంజాయి మొక్కలు పెంచుకున్నాడు. ఐదు దాటితే పోలీసు వస్తాడు, దాటకపోతే రాడు. ఆ దేశపు చట్టం గంజాయిని ఒప్పుకోదు, అలాగని అడ్డుకోదు. పక్కింటి కిటికీ తెర తొలగి ఉంటే చూపు తిప్పుకొని నడిచిపోయే పెద్దమనిషిలా మసలుకుంటుంది.

ఆ మొక్కను పువ్వు కోసం పెంచేవాళ్ళంటే వాల్రావెన్‌కు చెప్పరాని చిన్నచూపు. గ్రంథాలయానికి వచ్చి పుస్తకాల బరువు తూచుకుని పోయేవాళ్ళుగా వారిని జమకట్టేవాడు. ఆయనకు కావలసింది ఆకు: దాని పొడవు, వెడల్పు, అంచున రంపపుపళ్ళు, అన్నింటికీ మించి రెక్కల సంఖ్య. ఇదే రకం పిచ్చి పట్టిన మరికొందరిని కూడగట్టి పత్రరూప మండలిని స్థాపించినవాడూ, దాని నియమావళిని రచించినవాడూ ఆయనే. మొదటి నియమం ఇది: ప్రదర్శనకు తెచ్చే మొక్కపై పువ్వు గాని మొగ్గ గాని కనబడరాదు, ఉంటే ఇంటి దగ్గరే గిల్లి రావలెను. రెండో నియమం: నిలకడగా నిలిచిన ప్రతి కొత్త ఆకురూపానికీ దాన్ని సాధించినవారి పేరే పెట్టి, ఆ పేరును మండలి గదిలో తెల్లటి పింగాణీ పలక మీద రాయవలెను.

ఆ పలక మీద తన పేరు చూసుకోవాలన్నదే వాల్రావెన్ కోరిక. ప్రతి తరంలోనూ తక్కువ రెక్కలున్న మొక్కలనే ఏరి, వాటినే కలిపి, రెండు దశాబ్దాలకు పైగా శ్రమించి తొమ్మిది రెక్కలను ఏడుకు, ఏడును ఐదుకు, ఐదును మూడుకు దించాడు. మూడు దగ్గర మొక్క మొండికేసింది. ఎంత బతిమాలినా చూడ్డానికి గోంగూరలాగే ఉంటోంది. మూడు రెక్కల మొక్కలు లోకంలో ఇతరులకూ ఉన్నాయి గనుక పలక మీదికి ఎక్కలేదు. ఒక్క రెక్క కావాలి. ఒక్కటంటే ఒక్కటి.

అది పుట్టింది. సీమ్ కొక్ ఇంట్లో పుట్టింది.

సీమ్ కొక్ పళ్ళ డాక్టరు. పదవీవిరమణ తరువాత ఏమీ తోచక మండలిలో చేరాడు. పెద్ద మనిషి, పెద్ద నవ్వు, పెద్ద చేతులు. ఆకుల గురించి ఆయనకు తెలిసినదంతా కలిపినా ఒక ఆకు మీద రాయవచ్చు. చేరిన కొత్తలో వాల్రావెన్ తన మూడురెక్కల వంశపు గింజలు కాసిని అగ్గిపెట్టెలో పోసి, మహారాజు శాలువా కప్పినంత హుందాగా ఆయనకు బహూకరించాడు. కొత్త సభ్యుల కోసం తాను ఏటా ఇచ్చే ఉపన్యాసానికీ పిలిచాడు. గంజాయి మొక్క కాలాన్ని చీకటితో కొలుచుకుంటుందనీ, రాత్రులు పొడవైతే పూస్తుందనీ, పూతకు వచ్చిన మొక్కకు రాత్రిపూట వెలుతురు తగిలితే తికమకపడి మళ్ళీ పసిదైపోతుందనీ, అప్పుడు కొన్నాళ్ళపాటు పిచ్చి ఆకులు వేసి ఆ తరువాత తన అసలు రూపానికి వస్తుందనీ వాల్రావెన్ అందులో వివరించేవాడు. ఈ అవస్థకు "రెండో బాల్యం" అని నామకరణం చేసిందీ ఆయనే. కొక్ ఆ ఉపన్యాసంలో ముందు వరుసలో కూర్చుని హాయిగా నిద్రపోయాడు.

అలాంటివాడు సెప్టెంబరు చివరి ప్రదర్శనకు ఒక కుండీ మోసుకొచ్చి, బల్ల మీద దభీమని పెట్టి, మీద కప్పిన సంచి లాగేశాడు.

కొమ్మల చివర్లన్నిటా లేత ఆకులు. ఒక్కో కాడకు ఒక్కటే రెక్క. రంపపుపళ్ళు కూడా సరిగా లేకుండా, బచ్చలాకులా నున్నగా, అమాయకంగా ఉన్నాయి.

మండలి అధ్యక్షురాలు మైంచె వీర్, ఎవరినీ సులభంగా మెచ్చుకోని ముసలావిడ, భూతద్దం తీసి ఒక ఆకును చాలాసేపు చూసింది.

"ఇదెలా చేశారు డాక్టరుగారూ?"

"నేనేం చేశానండీ? నీళ్ళు పోశాను, రోజూ గుడ్‌మార్నింగ్ చెప్పాను. బతుకంతా జనం పళ్ళు పీకాను కదా, నన్ను చూసి భయపడి రెక్కలు అవే రాలగొట్టుకుంది."

అందరూ నవ్వారు. వాల్రావెన్ నవ్వలేదు.

"పూసిందా ఇది?" అన్నాడు.

"నీ నియమం నాకు తెలీదా హుబెర్ట్! పువ్వుతో వస్తే గుమ్మం తొక్కనిస్తావా నువ్వు? ఒక్కటి లేదు, చూసుకో. మొక్క నీ గింజదేనయ్యోయ్. నువ్వు తాతవి, నేను తండ్రిని. రా, ఒక ముద్దిస్తాను."

ఇచ్చాడు కూడా, ఆ దేశపు పద్ధతిలో బుగ్గల మీద మూడు.

డిసెంబరు దాకా ఈ రూపం ఇలాగే నిలిస్తే పలక మీద "కొక్ ఏకపత్రం" అని రాయిస్తామని మైంచె ప్రకటించింది. వాల్రావెన్ చప్పట్లు కొట్టాడు. చప్పుడు వినిపించనంత మర్యాదగా కొట్టాడు.

నిజానికి ఆయనకు ఒక క్షణం అనుమానం రాకపోలేదు. రెండో బాల్యం అనే మాట బుర్ర గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టింది. కాని ఆయన తలుపు తీయలేదు. ఎందుకంటే ఆ అనుమానం నిజమైతే కొక్ ఓడిపోతాడు, బాగానే ఉంది. కాని దాంతోపాటు మూడు తరువాత ఒకటి వచ్చి తీరుతుందన్న తన సిద్ధాంతం కూడా ఓడిపోతుంది. ఆ ఆకు అబద్ధం కావడం కన్న, నిజమై పరాయివాడి ఇంట్లో ఉండడమే ఆయన అసూయకు ఎక్కువ రుచిగా ఉంది. అసూయ ఆకలిగొన్నది, అబద్ధాలు తిని బతకదు, దానికి ఎదుటివాడి నిజమైన భాగ్యం కావాలి.

ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. భార్య త్రైన్ బఠానీల సూపు వడ్డించింది.

"నా మనవణ్ణి ఎత్తుకుపోయాడు," అన్నాడు.

"మనకు పిల్లలే లేరు కదా హుబెర్ట్."

"ఆకు, త్రైన్. ఆకు సంగతి చెబుతున్నాను. నా రక్తం అది. వాడికి అందులో ఏముంది? కుండీ ఉంది. కుండీ వాడిది."

"గింజలిచ్చింది నువ్వే కదా?"

"గింజలిచ్చాను. భవిష్యత్తు ఇవ్వలేదు."

"సూపు చల్లారిపోతోంది. పాపం, మంచివాడు సీమ్. పోయిన వారం నా పన్ను చూసి ఒక్క మాటలో చెప్పేశాడు, ఏమీ లేదని."

ఆ మాట కూడా వాల్రావెన్ గుండెలో ముల్లులా దిగింది. తన భార్య పంటిలో ఏమీ లేదని చెప్పే హక్కు సైతం ఆ మనిషి సంపాదించేశాడు.

అక్టోబరులో కొక్ పుట్టినరోజు వచ్చింది. త్రైన్‌కు జలుబు చేసి ఇంట్లో ఉండిపోయింది. వీధి వైపు గేటంతా అతిథుల సైకిళ్ళతో నిండిపోవడంతో వాల్రావెన్ ఇంటి వెనక సైకిలు దారిన వచ్చి, కంచె బయట కొత్తగా పాతిన ఇనుప స్తంభానికి తన సైకిలు ఆనించి, గొలుసు చుట్టి తాళం వేశాడు. ఆకులు చూసే మనిషి తల పైకెత్తడు గనుక ఆ స్తంభం పైన ఏముందో చూడలేదు. దానికి కట్టిన హెచ్చరిక కాగితం గాలికి ఊడి పక్క కాలువలో పడి ఉంది. అది అంతకన్నా చూడలేదు.

లోపల కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. ఆచారం ప్రకారం పుట్టినరోజు మనిషికే కాక ఆయన భార్యకూ, చెల్లెలికీ, పొరుగువారికీ, ఆ రోజున కొక్ పుట్టడంలో ఏ పాత్రా లేనివారికి కూడా చేయి కలిపి అభినందనలు చెప్పి, కాఫీతోపాటు దక్కే ఒకే ఒక్క కేకు ముక్కతో ఆయన కూర్చున్నాడు. కొక్ భార్య ఆఫ్రా చలాకీ మనిషి, ఏ మాటా కడుపులో దాచుకోలేనిది, కాఫీకూజాతో చుట్టూ తిరుగుతోంది.

"ఇంకాస్త పోయనా హుబెర్ట్? మొహం అలా ఉందేం? వెన్న కేకు పడలేదా?"

"చాలా బావుందమ్మా. ఒకసారి అలా లోపలికి వెళ్ళొస్తాను."

"ఎడం వైపు తలుపు. గొళ్ళెం గట్టిగా లాగాలి."

మరుగుదొడ్డి గోడకు, అక్కడి ఇళ్ళన్నిటా ఉన్నట్టే, బంధుమిత్రుల పుట్టినరోజుల క్యాలెండరు వేలాడుతోంది. తన పేరు కనబడింది. ఆఫ్రా గుండ్రటి చేతిరాతలో, పక్కన ఒక చిన్న ఆకు బొమ్మతో. ఇంకెవరైనా అయితే ఆ బొమ్మ చూసి మనసు మార్చుకునేవారు. వాల్రావెన్ ఆ ఆకుకు రెక్కలెన్నో చూశాడు. ఏడు వేసింది! పైగా తన పేరు వాళ్ళ కుక్క పేరు కింద ఉంది. అంతటితో ఆయన అంతరాత్మ నోరు మూసుకుంది.

ఇంటి వెనక గాజు వసారాలో ఆ మొక్క ఒంటరిగా నిలబడి ఉంది. గదిలోంచి "చిరకాలం వర్ధిల్లాలి" అని అందరూ ఎవరి రాగంలో వారు పాడుతున్నారు. ఆ పాట నీడలో వాల్రావెన్ జేబుకత్తి తీసి, ఒంటిరెక్క ఆకులున్న ఒక కొమ్మను, పురిటిబిడ్డ బొడ్డు కోసినంత శ్రద్ధగా కోసి, తడి రుమాలులో చుట్టి, కోటు చేతిలోకి తోసేశాడు. మళ్ళీ కుర్చీలో కూర్చుని, ఆ చేయి కదపకుండా, మిగిలిన కేకును ఎడంచేత్తో తిన్నాడు.

"ఏమయ్యా, చేయి నొప్పా?" అన్నాడు కొక్. "పన్ను అయితే చూసేవాణ్ణి, చేతికి నా దగ్గర మందు లేదు."

ఇంటికి వచ్చాక త్రైన్ కోటు పట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"ఈ ఆకుపచ్చ మరక ఏమిటి? మోచేతి దాకా ఉంది."

వాల్రావెన్ భయంతో కోటు లాక్కోబోయాడు. "ఆకురసం," అన్నాడు. "గాజుశాలలో మొక్కలకు రాసుకుంది."

"గాజుశాలకు మంచి కోటు వేసుకుని వెళ్తారా ఎవరైనా?" అని ఆమె సబ్బుతో రుద్దింది, పోలేదు, సున్నిపిండిలా ఉప్పు పెట్టి రుద్దింది, పోలేదు. పోకపోయేసరికి వాల్రావెన్‌కు భయం తగ్గి ఒక విధమైన గర్వం పుట్టింది. తన వంశపు ఆకు తనను గుర్తుపట్టి ముద్ర వేసిందనుకున్నాడు. ఆ కోటు వేసుకున్నప్పుడల్లా మోచేతిని చాటుగా తడుముకునేవాడు.

కొమ్మ వేరు తన్నింది. తన దీపాల కింద, తన ఎరువుతో, ఒంటిరెక్క ఆకులు మరో నాలుగు వేసింది. ఇక ఆయన ఆగలేకపోయాడు. తిన్నగా మైంచె ఇంటికి వెళ్ళి కూర్చున్నాడు.

"మైంచెగారూ, సంకోచంతో ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఒంటిరెక్క నా దగ్గర ముందే ఉంది. మూలవంశంలోనే పుట్టింది. డాక్టరుగారిది దాని ఛాయ మాత్రమే."

"మరి సెప్టెంబరులో నోరెత్తలేదేం?"

"కొత్త సభ్యుడు. ఉత్సాహం చంపడం ఎందుకని."

మైంచె ఆయన్ను కళ్ళద్దాల మీదుగా చూసింది. "నీకు ఇంత మంచితనం ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు హుబెర్ట్. సరే, డిసెంబరులో పట్రా. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

ఆ మాట ఇచ్చి వచ్చిన తరువాతి వారమే మొక్క మూడు రెక్కల ఆకు వేసింది.

వాల్రావెన్ దాన్ని చూసి, చూడనట్టు నటించాడు. ఆ పైది ఐదు రెక్కలతో విచ్చుకుంది. ఆ పైన ఏడు, ముత్తాతల నాటి రూపం. ఆయన పెంపకంలో ఎన్నడూ ఎరగని దర్జాతో, అరచేయి చాచి ఆశీర్వదిస్తున్నట్టు వచ్చింది. రెండో బాల్యం మళ్ళీ తలుపు తట్టింది. ఈసారి ఆయన లోపలినుంచి గొళ్ళెం కూడా పెట్టుకున్నాడు. "బెంగ పెట్టుకుంది. కొత్త చోటు కదా," అని మొక్క తరఫున తానే సంజాయిషీ చెప్పుకున్నాడు. కొక్ దగ్గర బుద్ధిగా ఒక్క రెక్కతో ఉన్నది తన దగ్గర ఇలా పేట్రేగిపోవడం కేవలం తనను అవమానించడానికేనని నమ్మాడు. అక్కడ ఏముంది, ఇక్కడ ఏం లేదు? తానూ రోజూ గుడ్‌మార్నింగ్ చెప్పడం మొదలుపెట్టాడు. మొక్క తొమ్మిది రెక్కలు వేసింది.

దాంతో శాస్త్రం ముగిసి క్షురకర్మ మొదలైంది.

"నా గోళ్ళ కత్తెర కనబడ్డం లేదు," అంది త్రైన్.

"ఎలుకలు ఎత్తుకుపోయి ఉంటాయి."

"గోళ్ళు తీసుకుంటాయా ఎలుకలు?"

గాజుశాలలో వాల్రావెన్ కళ్ళజోడు పైన మరో కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి ఆకుకూ నడిమి రెక్కను మాత్రం ఉంచి తక్కినవి మొదలంటా కత్తిరిస్తున్నాడు. రెండు దశాబ్దాల వంశవృక్షం చేయలేని పనిని గోళ్ళ కత్తెర ఒక్క పూటలో చేసేస్తుంటే ఆయనకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. సంతోషం వల్ల కాదు. కొక్ మొక్కకు ఇవేవీ అక్కర్లేదు కదా అన్న తలపు వల్ల.

డిసెంబరు సమావేశంలో మండలి గది చలికి బిగుసుకుపోయి ఉంది. ఎవరూ కోట్లు విప్పలేదు. పలక శుభ్రంగా తుడిచి, కొత్త పేరు కోసం ఖాళీగా, గోడకు ఆనించి ఉంది. వాల్రావెన్ దానికి ఎదురుగా, చక్కగా చదవగలిగేంత దూరంలో కూర్చున్నాడు. పక్కన త్రైన్.

ముందు కొక్ తన కుండీ మీది సంచి తీశాడు.

ఏడు రెక్కలు. పైనుంచి కింది దాకా నదురూ బెదురూ లేకుండా ఏడేసి రెక్కల ఆకులు. అడుగున మాత్రం ఎండిపోయిన ఒంటిరెక్కలు రెండు మూడు, పాత ఫొటోలో బాల్యంలా వేలాడుతున్నాయి.

కొక్ అందరికన్నా ముందు నవ్వాడు. "పాలపళ్ళు రాలిపోయి అసలు పళ్ళు వచ్చాయండీ! నాకు తెలిసిన విద్య ఇదొక్కటే, ఇక్కడా ఇదే జరిగింది. పలక హుబెర్ట్‌దే. నిజానికి ఎప్పటినుంచో వాడిదే."

ఆ సౌమ్యతను కూడా వాల్రావెన్ క్షమించలేకపోయాడు. ఓడిపోవడం కూడా వీడికి తనకన్నా బాగా వచ్చు! అయినా లేచి, తన కుండీ మీది ముసుగు తీశాడు. ప్రతి కాడకూ ఒక్కటే రెక్క. గదిలో "ఆహా" అన్న శబ్దం లేచింది. ఎన్నేళ్ళుగానో ఆయన కలలో విన్న శబ్దం సరిగ్గా ఇదే.

మైంచె భూతద్దం తీసి వంగింది. "ఈ కాడల దగ్గర గోధుమరంగు చుక్కలేమిటి హుబెర్ట్?"

"చలిగాలి. సైకిలు మీద తెచ్చాను కదా."

"రెక్కకు అటూ ఇటూ, నాలుగేసి చొప్పున?"

"గాలి రెండు వైపుల నుంచీ వీచింది," అన్నాడు వాల్రావెన్.

సరిగ్గా అప్పుడే ఆఫ్రా కాఫీ పళ్ళెంతో వచ్చి, కప్పు అందిస్తూ, ఆయన మోచేయి చూసి నిలబడిపోయింది.

"అయ్యో, నీకూ అంటిందా! సీమ్, చూశావా, హుబెర్ట్ కోటుకు కూడా! నీ పుట్టినరోజునాడు వెనక దారిన వచ్చాడు కాబోలు."

"ఇది ఆకురసం," అన్నాడు వాల్రావెన్, మోచేతిని వెనక్కి దాచుకుంటూ.

"ఏం ఆకురసం నాయనా! మా కంచె వెనక మునిసిపాలిటీ వాళ్ళు కొత్తగా పాతిన దీపస్తంభం రంగది. ఆ పొద్దున్నే రంగు వేసి పోయారు మహానుభావులు, నా వానకోటు కూడా పాడైంది. ఆ దీపంతో ప్రాణం పోతోందనుకోండి. ఆగస్టులో పెట్టారు, రాత్రంతా మా వసారాలో పట్టపగలే. పాపం ఈ మొక్క అప్పటికి నిండా మొగ్గలేసి ఉంది. ప్రదర్శనకు పువ్వులు పనికిరావని సీమ్ కూర్చుని పాలపళ్ళు పీకినట్టు అన్నీ గిల్లేశాడు. ఆ దీపం వచ్చాకే దానికి ఆ వెర్రి ఆకులు మొదలయ్యాయి."

ఆ గదిలో కొక్ ఒక్కడు తప్ప సభ్యులందరూ రెండో బాల్యం ఉపన్యాసాన్ని మేలుకుని విన్నవారే. చూపులన్నీ కోటు మరక మీదినుంచి ఒంటిరెక్కల మొక్క మీదికీ, అక్కడినుంచి గోధుమరంగు చుక్కల మీదికీ నెమ్మదిగా నడిచి వెళ్ళాయి.

మైంచె భూతద్దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, బిస్కట్ల డబ్బా తెరిచి, ఒకటి తీసుకుని, వాల్రావెన్ వైపు చాచకుండానే మూత పెట్టేసింది.

"ఓహో, నా గోళ్ళ కత్తెర!" అంది త్రైన్ తనలో తాను.

ఆఫ్రా ఒక్కతే ఇంకా ఆ కోటు చేతిని వేళ్ళతో పట్టుకుని, మరకను వెలుతురుకు తిప్పి చూస్తోంది.

"సబ్బుకు పోదిది," అంది. "టర్పెంటైన్ రాయండి. నాది పోయింది."